ఖాళీ అయిన సీటు ఎవరిది?

(విశాఖపట్నం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా మాట్లాడింది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి. ఇక్కడ రెండు వరసలు ఖాళీగానే ఉన్నాయి. రండమ్మా, ఇటు ఫ్యాను కింద చోటుంది.

ఇవాళ ఉప ఎన్నికల గురించి మాట్లాడతాను. ముందు మనవి కావు, సింగపూర్‌వి. ఇందాక గుమ్మం దగ్గర ఒకాయన అడిగారు, "సింగపూర్ ఎన్నికల గొడవ మనకెందుకండీ?" అని. మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే నేను 1981కి వెళ్ళాలి.

నేను లెక్చరర్ని కాదు. పోర్టులో పనిచేసి రిటైరైన మనిషిని. అప్పట్లో టాలీ క్లర్కుని. ఓడలోంచి దిగిన సరుకు లెక్క రాసుకునే పని. ఆ ఏడాది నవంబరులో ఒక ఓడ వచ్చింది. దాని సరంగు, అంటే ఖలాసీల పెద్ద, తమిళాయన. ఆయన చెల్లెలి కుటుంబం సింగపూర్‌లో ఉండేది. జెట్టీ బయట టీ తాగుతుంటే ఆయన ఉన్నట్టుండి, "మా వాళ్ళ ఊళ్ళో ఒకడు గెలిచాడు తెలుసా?" అన్నాడు. ఎంతమందిలో ఒకడు అని అడిగాను. డెబ్బై అయిదు మందిలో అన్నాడు. నాకు అర్థం కాలేదు. డెబ్బై నాలుగు మంది అటుంటే ఒక్కడు ఇటుండి ఏం చేస్తాడు? అదే అడిగాను. ఆయన గ్లాసు కింద పెట్టి, "ఇన్నాళ్ళూ అటు వైపు అసలు ఎవడూ లేడు. ఇప్పుడు ఉన్నాడు" అన్నాడు.

ఆ మాట నన్ను వదల్లేదు. నలభై ఏళ్ళు దాటినా వదల్లేదు. ఆ ఒక్కడు ఎలా గెలిచాడు, తర్వాత ఏమయ్యాడు, ఆ సీటు ఏమైంది అని దొరికినప్పుడల్లా చదువుతూ వచ్చాను. చివరికి నాకు తేలింది ఒకటే. ఎవరు గెలిచారన్నది రెండో సంగతి. ఎన్నిక ఎప్పుడు పెట్టాలో, అసలు పెట్టాలో వద్దో ఎవరి చేతిలో ఉంది? అదే మొదటి సంగతి. ఇవాళ నేను చెప్పదలచుకున్నది కూడా అదే.

సింగపూర్‌లో 1959 నుంచి ఇవాళ్టి దాకా ఒకటే పార్టీ అధికారంలో ఉంది. పీపుల్స్ యాక్షన్ పార్టీ. అక్కడ ఎన్నికలు జరుగుతాయి, అందరూ ఓటెయ్యాలి, ఓటు తప్పనిసరి. కానీ 1968 ఎన్నికల్లో పార్లమెంటులో ఉన్న 58 సీట్లూ ఆ పార్టీకే వచ్చాయి. ప్రధాన ప్రతిపక్షం ఆ ఎన్నికల్ని బహిష్కరించింది. 1972లో అన్నీ వాళ్ళకే. 1976లో అన్నీ వాళ్ళకే. 1980లో 75కి 75. మీరు ఒక్కసారి ఊహించుకోండి. అసెంబ్లీలో ఎదురుగా కూర్చునేవాడు ఒక్కడు కూడా లేడు. ప్రశ్న అడగాలన్నా వాళ్ళలో వాళ్ళే అడుక్కోవాలి.

1981లో ఆన్సన్ అనే నియోజకవర్గం ఖాళీ అయింది. ఎందుకు ఖాళీ అయింది? అక్కడి ఎంపీ దేవన్ నాయర్‌ని దేశాధ్యక్షుణ్ణి చేశారు. ఈయన పెద్ద కార్మిక నాయకుడు, మలయాళీ కుటుంబం వాడు. అంతకు ముందు ఏడాదే నూటికి 84 ఓట్లతో గెలిచాడు. నూటికి 84! అలాంటి చోట పాలక పార్టీ ఓడిపోతుందని ఎవరనుకుంటారు?

ఇక్కడ కొంచెం ఆగి చెప్తాను, ఎందుకంటే మన ఊరివాళ్ళకి ఈ సంగతి బాగా తెలుస్తుంది. ఆన్సన్ పోర్టును ఆనుకుని ఉన్న ప్రాంతం. అక్కడ బ్లెయిర్ ప్లెయిన్ అనే చోట పోర్టు ఉద్యోగుల క్వార్టర్లు ఉండేవి. కంటైనర్ల కోసం ఆ జాగా కావాలని, ఇళ్ళు ఖాళీ చెయ్యమని నోటీసులొచ్చాయి. మరి వేరే ఇళ్ళు? ప్రభుత్వం కట్టే ఫ్లాట్ల కోసం మిగతావాళ్ళతో పాటు వరసలో నిలబడాలి, ప్రత్యేకంగా ముందు ఇచ్చేది లేదు. ఇళ్ళు ఎందుకు పోతున్నాయో, ఎక్కడికి పోవాలో తెలియకపోతే ఆ కుటుంబానికి ఎంత టెన్షనో గాజువాక వైపు నుంచి వచ్చినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. స్టీలు ప్లాంటు నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు జేబులో పెట్టుకుని తిరిగినవాళ్ళు ఈ హాల్లోనే ఉంటారు.

పోటీ చేసినాయన పేరు జె.బి. జయరత్నం. వర్కర్స్ పార్టీ. జాఫ్నాలో పుట్టిన తమిళుడు, లాయరు. అంతకు ముందు ఎన్నిసార్లు నిలబడ్డా గెలవలేదు. 1981 అక్టోబరు 31న పోలింగు. ఆయనకి 7,012 ఓట్లు. పాలక పార్టీ అభ్యర్థికి 6,359. తేడా ఎంత? 653. మన దగ్గర ఒక పోలింగు బూతులో ఓటర్లు అంతకంటే ఎక్కువే ఉంటారు. ఆ 653 ఓట్లతో పదమూడేళ్ళ నిశ్శబ్దం పోయింది.

ఇంకో చిత్రం చెప్తాను. అంతకు ఇరవై ఏళ్ళ ముందు, 1961లో కూడా ఇదే ఆన్సన్‌లో ఉప ఎన్నికలో అదే పాలక పార్టీ ఓడిపోయింది. అప్పుడు గెలిచింది అక్కడి మాజీ ముఖ్యమంత్రి డేవిడ్ మార్షల్. ఆ ఓటమి తర్వాత కొద్ది రోజులకే ప్రభుత్వం విశ్వాస తీర్మానం పెట్టాల్సి వచ్చింది. 51 మంది ఉన్న సభలో 27 ఓట్లతో గట్టెక్కింది. పార్టీ చీలిపోయింది. చిన్న చోట చిన్న ఎన్నికే కదా అనుకుంటాం. కాదు.

మరి 1980లో నూటికి 84 ఓట్లు వేసినవాళ్ళు ఒక్క ఏడాదిలో ఎందుకు మారారు? ఇళ్ళ గొడవ ఒకటి. కానీ నా మనసుకు తోచిన కారణం ఇంకొకటి ఉంది. మామూలు ఎన్నికలో ఓటరుకి ఒక భయం ఉంటుంది. నేను అటు వేస్తే, అందరూ అటే వేస్తే, ప్రభుత్వమే పడిపోతే? నా ఇల్లు, నా ఉద్యోగం, పిల్లల చదువు ఏమవుతాయి? ఉప ఎన్నికలో ఆ భయం లేదు. ప్రభుత్వం ఎక్కడికీ పోదు. 74 మంది అక్కడే ఉంటారు. అప్పుడు ఓటరు తన మనసులో ఉన్నది నెమ్మదిగా బయటపెడతాడు. "మీరే పాలించండి, కానీ నా మాట వినండి" అని చెప్పడానికి దొరికే అవకాశం అదొక్కటే. ఒకే పార్టీ ఏళ్ళ తరబడి గెలిచే దేశంలో ఉప ఎన్నిక ఇంత ముఖ్యమయ్యేది అందుకే.

ఇది నా ఒక్కడి ఊహే కాదండోయ్. ఆ దేశంలో ప్రతిపక్షం దీన్ని లెక్కగా వాడింది. 1991 సాధారణ ఎన్నికల్లో ప్రతిపక్షాలు కూడబలుక్కుని 81 సీట్లలో నలభై చోట్లే నామినేషన్లు వేశాయి. మిగతా 41 పోటీ లేకుండా పాలక పార్టీకి వదిలేశాయి. అంటే నామినేషన్ల రోజే ప్రభుత్వం ఏర్పడిపోయింది. ఇక మిగిలిన నలభై చోట్ల ఓటరుకి భయం లేదు. సాధారణ ఎన్నికనే ఉప ఎన్నికగా మార్చేశారు. చియామ్ సీ టోంగ్ అనే నాయకుడి ఆలోచన అది. ఆసారి ప్రతిపక్షానికి నాలుగు సీట్లొచ్చాయి. నాలుగేనా అంటారా? అంతకు ముందు దాకా ఒకటి, రెండు. ఆ దేశంలో నాలుగంటే నాలుగు కాదు.

సరే, జయరత్నం దగ్గరికి వద్దాం. 1984లో మళ్ళీ ఆన్సన్ నుంచే గెలిచాడు. ఈసారి నూటికి 56 దాటింది. 1986లో పార్టీ డబ్బు లెక్కల విషయంలో తప్పుడు ప్రకటన చేశారని ఆయన మీద కేసు, నెల రోజులు జైలు, 5,000 డాలర్ల జరిమానా. అప్పట్లో రెండు వేల డాలర్లు గానీ అంతకు మించి గానీ జరిమానా పడితే అక్కడ ఎంపీ పదవి పోయేది. అయిదేళ్ళు పోటీ కూడా చెయ్యకూడదు. ఆయన లాయరు పట్టా కూడా తీసేశారు. ఆ పట్టా విషయం లండన్‌లో ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. 1988లో ఆ కోర్టు ఆయనకి ఘోరమైన అన్యాయం జరిగిందని చెప్పి, ఆయన్ని తిరిగి లాయరుగా చేర్చమంది. కానీ సీటు? సీటు తిరిగి రాలేదు.

ఇప్పుడు నేను మిమ్మల్ని అడుగుతున్నాను. జయరత్నం సంగతి పక్కన పెట్టండి. ఆన్సన్ ఓటర్లు ఏ నేరం చేశారు? వాళ్ళ మీద కేసు ఉందా? వాళ్ళకి జరిమానా పడిందా? మరి 1986 చివర సీటు ఖాళీ అయితే ఉప ఎన్నిక పెట్టాలి కదా? పెట్టలేదు. 1987 అంతా పెట్టలేదు. 1988 సెప్టెంబరులో సాధారణ ఎన్నికలు వచ్చేదాకా ఆ ప్రజలకి ఎంపీ లేడు. ఆ ఎన్నికలు వచ్చేసరికి ఆన్సన్ అనే నియోజకవర్గమే లేదు. హద్దులు మార్చేశారు. ఆ పేరే పోయింది.

అది చట్ట విరుద్ధమా? అదే అసలు బాధ. కాదు. ఆ రాజ్యాంగంలో సీటు ఖాళీ అయితే ఎన్నిక ద్వారా నింపాలని ఉంది. 49వ అధికరణం. ఎన్నాళ్ళలోగా అనేది లేదు. ఆ ఒక్క మాట లేదు. తేదీ ప్రధాని ఇష్టం. ప్రతిపక్షం సీటు కాబట్టి అలా చేశారా అంటే, అదీ పూర్తిగా నిజం కాదు. 1983లో వాళ్ళ సొంత ఆర్థిక మంత్రి చనిపోతే ఆయన హావ్‌లాక్ సీటుకి కూడా ఎన్నిక పెట్టలేదు. అంటే సీటు ఎవరిదైనా ఒకటే పద్ధతి. మాకు వీలైనప్పుడు పెడతాం, లేకపోతే లేదు.

వీలైనప్పుడు ఎంత బాగా పెడతారో కూడా చూడండి. 1981లో ఆన్సన్ ప్రచారం బాధ్యత చూసి ఓడిపోయిన గో చోక్ టోంగ్ తర్వాత ప్రధాని అయ్యాడు. 1992లో తానే రాజీనామా చేసి, తన మెరీన్ పరేడ్ నియోజకవర్గంలో ఉప ఎన్నిక తెచ్చాడు. అక్కడ ఒక్కొక్కరు నిలబడరు, నలుగురు కలిసి ఒక జట్టుగా నిలబడాలి. 1988లో తెచ్చిన పద్ధతి అది. జయరత్నం పార్టీ జట్టులో నాలుగో మనిషి నామినేషన్ రోజు రాలేదు. ముగ్గురే మిగిలారు. అంతే, పోటీలోంచే పోయారు. ప్రధానికి నూటికి 73 దాకా ఓట్లొచ్చాయి. నేను దాన్ని తప్పుపట్టను, ఆయన ప్రజల దగ్గరికే వెళ్ళాడు. కానీ తనకి కావలసినప్పుడు ప్రజల దగ్గరికి వెళ్ళే దారి తెరిచి ఉండి, ప్రజలకి కావలసినప్పుడు ఆ దారి మూసి ఉంటే ఎలా?

ఈ ప్రశ్న కోర్టుకి తీసుకెళ్ళింది ఎవరనుకుంటున్నారు? పెద్ద లాయరు కాదు, పార్టీ కాదు. 2012 ఫిబ్రవరిలో హౌగాంగ్ అనే చోట వర్కర్స్ పార్టీ తన ఎంపీని బహిష్కరించింది, సీటు ఖాళీ అయింది. ఎన్నిక ఎప్పుడో చెప్పమంటే, గడువేమీ లేదన్నారు. అప్పుడు ఆ నియోజకవర్గంలో ఉండే ఒక ఆవిడ, శుభ్రం చేసే పని చేసుకుని బతికే ఆవిడ, మన దక్షిణాది మూలాలున్న మనిషి, కోర్టుకి వెళ్ళింది. నా నియోజకవర్గానికి ఎంపీ ఏడీ అని. ఆ మేలో ఎన్నిక జరిగింది, మళ్ళీ వర్కర్స్ పార్టీయే గెలిచింది. కేసు మాత్రం ఆగలేదు. 2013లో పై కోర్టు తీర్పు చెప్పింది. ప్రధానికి విచక్షణ ఉంది గానీ అది హద్దు లేనిది కాదు, సమంజసమైన కాలంలో ఎన్నిక పెట్టి తీరాలి అని. రెండు తరాల రాజకీయ నాయకులు తేల్చుకోలేని సంగతి ఆవిడ తేల్చింది. ఆ తల్లికి నేను ఇక్కడి నుంచి నమస్కారం పెడుతున్నాను.

కానీ పని పూర్తి కాలేదు. జట్టు నియోజకవర్గాల్లో ఒకరు వెళ్ళిపోతే? 2017లో హలీమా యాకూబ్ దేశాధ్యక్ష పదవికి పోటీ చెయ్యడానికి ఎంపీ పదవి వదులుకుంది. ఉప ఎన్నిక పెట్టలేదు. మళ్ళీ కోర్టుకి వెళ్ళారు. జట్టులో అందరూ వెళ్ళిపోతేనే ఎన్నిక, ఒకరు పోతే అక్కర్లేదని 2019లో తీర్పు వచ్చింది. అంటే అక్కడ ఎక్కువమంది ఓటర్లకి ఈ హక్కు ఇవాళ్టికీ సగమే ఉంది.

ఉప ఎన్నిక పెడితే పాలక పార్టీ ఓడిపోతుందని నేను అనడం లేదు. 2013 జనవరిలో పుంగోల్ ఈస్ట్‌లో ఓడిపోయింది. 2016లో బుకిట్ బతోక్‌లో గెలిచింది, అయితే ఏడాది క్రితం అక్కడ నూటికి 73 వచ్చినవాళ్ళకి 61 వచ్చాయి. గెలిచినా ఆ పన్నెండు ఓట్లు ఒక ఉత్తరం లాంటివి. రాసినవాళ్ళ పేరు ఉండదు, కానీ అందుతుంది.

పక్క దేశాల్లో ఏం చేశారు?

తొందరగా చెప్తాను. మలేషియాలో కూడా ఒకే కూటమి 1957 నుంచి 2018 దాకా పాలించింది. కానీ అక్కడ రాజ్యాంగంలోనే అరవై రోజులని రాసి ఉంది. 2008లో ప్రతిపక్ష నాయకుడు అన్వర్ ఇబ్రహీం పోటీ చెయ్యడం కోసం ఆయన భార్య తన ఎంపీ సీటుకి జూలై 31న రాజీనామా చేసింది. ఆగస్టు 26న పోలింగు అయిపోయింది. ఆయనంటే అంత గిట్టని ప్రభుత్వం కూడా ఆ తేదీని ఆపలేకపోయింది.

జపాన్‌లో ఇంకా మేలు. ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్‌లో, అక్టోబరులో, ఖాళీ అయిన సీట్లకి కలిపి ఎన్నిక. 1955 నుంచి దాదాపు ఎప్పుడూ ఒకే పార్టీ పాలించే దేశం అది కూడా. 2024 ఏప్రిల్‌లో మూడు సీట్లు ఖాళీ. పార్టీ నిధుల కుంభకోణం మీద జనం మండిపడుతున్నారు. ప్రధానికి అది చాలా చెడ్డ సమయం. ఆపగలిగాడా? లేదు. ఏప్రిల్ వచ్చింది, ఎన్నిక వచ్చింది. రెండు చోట్ల అభ్యర్థినే పెట్టలేదు. మూడోది షిమానే, వాళ్ళ కంచుకోట. అదీ పోయింది. అదే ఏడాది ఆ ప్రధాని పార్టీ నాయకత్వానికి మళ్ళీ పోటీ చెయ్యలేదు. చూశారా, క్యాలెండరు చేసిన పని!

మరి మనం?

మనకీ ఒక రోజుల్లో ఒకటే పార్టీ. 1962లో లోక్‌సభలో 494 సీట్లకి కాంగ్రెసుకి 361. ఆ ఎన్నికల్లో ఆచార్య ఎన్.జి. రంగా తెనాలిలో ఓడిపోయారు. చిత్తూరులో గెలిచింది అనంతశయనం అయ్యంగార్, అప్పటి దాకా లోక్‌సభ స్పీకరు. ఆయన్ని బీహారు గవర్నరుగా పంపించారు. సీటు ఖాళీ. ఉప ఎన్నికలో రంగా గారు నిలబడి గెలిచారు. ఇక్కడ చిత్తూరు వాళ్ళెవరైనా ఉన్నారా? ఒక్కరున్నారు, సంతోషం. మీ ఊరి సంగతి చూడండి. ఆన్సన్‌లో ఎంపీని అధ్యక్షుణ్ణి చేశారు, మీ దగ్గర ఎంపీని గవర్నర్ని చేశారు. ఇద్దరూ పాలక పార్టీవాళ్ళే. రెండు చోట్లా ఓటరు ఎదుటి వైపు మనిషిని పంపాడు.

మరుసటి ఏడాది ఇంకా పెద్దది జరిగింది. 1963లో ఆమ్రోహా నుంచి ఆచార్య కృపలానీ, ఫరూఖాబాద్ నుంచి రామ్‌మనోహర్ లోహియా, రాజ్‌కోట్ నుంచి మీనూ మసానీ. ముగ్గురూ ఉప ఎన్నికల్లో గెలిచి వచ్చారు. చైనా యుద్ధం గాయం ఇంకా పచ్చిగానే ఉంది. ఆగస్టులో కృపలానీ అవిశ్వాస తీర్మానం పెట్టారు. లోక్‌సభ చరిత్రలో అదే మొదటిది. ఓట్లు 62, ఎదురు 347. ఓడిపోయింది. ఓడిపోతుందని అందరికీ తెలుసు. కానీ ఆ చర్చలో లోహియా లేచి, ఈ దేశంలో 27 కోట్ల మంది రోజుకి మూడణాలతో బతుకుతున్నారన్నారు. నెహ్రూ గారు కాదు, పదిహేను అణాలన్నారు. మూడా, పదిహేనా? దేశమంతా ఆ లెక్క గురించి మాట్లాడుకుంది. పేదవాడి రోజు ఖర్చు ఎంత అన్నది పార్లమెంటు కూర్చుని తేల్చాల్సిన ప్రశ్న అయింది. ఆ మాట అడిగిన మనిషి లోపలికి వచ్చింది ఏ దారిన? ఉప ఎన్నిక దారిన. సరంగుని నేను అడిగిన ప్రశ్నకి ఇది కూడా జవాబే.

ఇంకో సంగతి చూడండి. ఎంపీ కానివాడు మంత్రి అయితే ఆరు నెలల్లో ఎన్నిక కావాలని మన రాజ్యాంగంలో మొదటి నుంచీ ఉంది. 1991 జూన్‌లో పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయ్యారు, నవంబరులో నంద్యాల ఉప ఎన్నిక అయిపోయింది. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ పోటీయే పెట్టలేదు, అది మీకు తెలిసిందే. సరే. కానీ ఖాళీ అయిన సీటుని ఆరు నెలల్లో నింపాలనే నిబంధన చట్టంలోకి ఎప్పుడొచ్చిందో తెలుసా? 1996లో. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 151ఏ. కుర్చీ ఎక్కినవాడికి గడువు 1950లోనే పెట్టాం. ఎంపీ లేని ఓటరుకి గడువు పెట్టడానికి ఇంకో నలభై ఆరేళ్ళు పట్టింది.

గడువు వచ్చింది కదా, ఇక చాలా? చాలదు. అందులో రెండు మినహాయింపులున్నాయి. సభకి ఏడాది లోపు కాలమే మిగిలితే అక్కర్లేదు. లేదా, ఎన్నిక పెట్టడం కష్టమని ఎన్నికల సంఘం, కేంద్రంతో సంప్రదించి, ధ్రువీకరిస్తే అక్కర్లేదు. 2023 మార్చి 29న పుణె ఎంపీ చనిపోయారు. సభకి ఇంకా ఏడాదికి పైగా కాలం ఉంది. ఎన్నిక పెట్టలేదు. సాధారణ ఎన్నికల ఏర్పాట్లలో ఉన్నామన్నారు. డిసెంబరులో బొంబాయి హైకోర్టు, వెంటనే ఎన్నిక పెట్టండి అంది. జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చింది. పుణె వాళ్ళు ఎంపీ లేకుండానే 2024 ఎన్నికల దాకా ఉన్నారు. ఆన్సన్‌కీ పుణెకీ చాలా తేడా ఉంది, రెండూ ఒకటే అని నేననను. కానీ తలుపు ఎక్కడ సందు ఇస్తుందో చూడండి. "కష్టం" అనే ఒక్క మాట దగ్గర.

2012లో మన పాయకరావుపేటలో ఉప ఎన్నిక జరిగినప్పుడు నేను వారం రోజులు మా మేనల్లుడి ఇంట్లో ఉన్నాను. ఎదురింటి అరుగు మీద ఒక ముసలావిడ కూర్చుని ఉండేది. ఎవరు గెలుస్తారమ్మా అని అడిగాను. "ఎవరు గెలిస్తే ఏటి నాయనా. పెద్ద ఎలచ్చన్లప్పుడు జీపు ఆగకుండా పోద్ది. ఇప్పుడు ఆగుతోంది. నేను నా పింఛను సంగతి చెప్పాను, రాసుకున్నారు" అంది. ఆ జీపు ఆగడం కోసమే నేను ఇంతసేపు మాట్లాడుతున్నాను.

కాబట్టి నేను అడిగేది చిన్నది. ఎన్నిక పెట్టడం కష్టమని ధ్రువీకరించేటప్పుడు, ఆ కాగితం కారణాలతో సహా ఆ నియోజకవర్గం ప్రజలకి తెలుగులోనో, మరాఠీలోనో, ఏది వాళ్ళ భాషైతే అందులో వెంటనే ప్రకటించాలి. పని ఒత్తిడి కారణం కాకూడదు. ఎన్నికలు పెట్టడమే వాళ్ళ పని. దాని మీద ఓటరు హైకోర్టుకి వెళ్తే నెల రోజుల్లో తేల్చాలి. ఈ మూడు ముక్కలూ రాసి ఒక అర్జీ తయారు చేశాను, బల్ల మీద ఉంది. చదివి, నచ్చితేనే సంతకం పెట్టండి.

ప్రశ్నలు అడగండి. మైకు అటు ఇవ్వు బాబూ. మూడో వరసలో ఆవిడ చెయ్యెత్తి చాలాసేపైంది.